కరిచిన బూటు

పోలెండు నుంచి వచ్చిన మనిషికి మూడో పెసరట్టు వడ్డిస్తూ విజయదుర్గ, "మొహమాటపడకండి అన్నయ్యగారూ" అంది. ఆ అన్నయ్యగారికి తెలుగు రాదు, ఈవిడకి పోలిష్ రాదు. అయినా ఆయన పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టడం, ఈవిడ ఆ వేళ్ళ సందులోంచి అట్టు జారవిడవడం పొద్దున్నుంచీ నిరాటంకంగా సాగుతున్నాయి. కేరళలో మూడు వారాలు మోకాలికి వైద్యం చేయించుకుని, పథ్యం పుణ్యమా అని నాలుగు కిలోలు తగ్గి వచ్చిన మనిషి. కోనసీమలో అడుగుపెట్టిన ఒక్క రోజులోనే అందులో సగం తిరిగి సంపాదించుకున్నాడు.

ఆయన పేరు వాల్దెక్ స్కొరుప్కా. నలభై ఆరేళ్ళుంటాయి. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. ఒకప్పుడు పోలెండు దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడినవాడు. స్ట్రైకరు, అంటే జట్టులో అందరికంటే ముందు నిలబడి గోలు కొట్టడమే పనిగా పెట్టుకున్నవాడు. ఆఖరి మూడేళ్ళు కువైట్‌లో ఒక క్లబ్బుకి కెప్టెన్‌గా ఆడాడు. ఆ క్లబ్బులోనే విజయదుర్గ మొగుడు, మన సూరిబాబు, పద్నాలుగేళ్ళు పనిచేశాడు.

ఏం పని చేశాడు అంటే అక్కడే ఉంది తిరకాసు. సూరిబాబు ఆటగాళ్ళ బట్టలు ఉతికేవాడు, బూట్లు తుడిచేవాడు, సంచులు సర్దేవాడు. తప్పు పని కాదు, చిన్న పనీ కాదు. కానీ మామిడికుదురు దాటాక రెండు మైళ్ళకి వచ్చే ఆ ఊళ్ళో, మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు ఎవరో "ట్రైనరా?" అని అడిగితే సూరిబాబు అవుననలేదు, కాదనీ అనలేదు. నీళ్ళు నమిలాడు. ఊరు దాన్ని అవునుగానే తీసుకుంది. ఉద్యోగం మానుకుని వచ్చి కొబ్బరికాయల వ్యాపారం పెట్టి ఆరేళ్ళయినా, ఇప్పటికీ ఆయన ట్రైనర్ సూరిబాబుగారే.

ఆ సంగతి ఒక్కటే అయితే ఇంత కథ అక్కర్లేదు. పదకొండేళ్ళుగా సూరిబాబు కడుపులో పెట్టుకుని తిరుగుతున్నది ఇంకొకటుంది. అది పెళ్ళాంతో కూడా చెప్పలేదు.

వాల్దెక్ ఆడిన ఆఖరి ఆట కప్పు ఫైనలు. దానికి రెండు రోజుల ముందు కొత్త బూట్లొచ్చాయి. కుడి బూటు మడమ దగ్గర కరిచింది. వాల్దెక్ కుంటుతూ వచ్చి, "సూరి, దీన్ని కొంచెం మెత్తబరుస్తావా" అన్నాడు. మనవైపు కొత్త చెప్పు కరిస్తే ఏం చేస్తాం? కొబ్బరినూనె రాసి రాత్రంతా వదిలేస్తాం. తెల్లారేసరికి తోలు మెత్తబడుతుంది, చెప్పు దారికొస్తుంది. సూరిబాబు అమ్మ అలాగే చేసేది, అమ్మమ్మా అలాగే చేసేది. సూరిబాబూ అదే చేశాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న నూనె సీసా తీశాడు. మడమ దగ్గర నాలుగు చుక్కలు రాస్తే సరిపోయేది. కెప్టెన్ మీద అభిమానం కొద్దీ బూటు లోపలంతా, వేళ్ళ దాకా పట్టించాడు.

అది జనవరి. కువైట్‌లో జనవరి సాయంత్రాలు ఎముకలు కొరికేస్తాయి. నూనె లోపలే గడ్డకట్టింది. ఆట రోజు సూరిబాబు గుడ్డ పెట్టి తుడిచి చూస్తే ఏమీ అంటలేదు. తోలు తాగేసిందనుకుని సంతోషపడ్డాడు. ముప్పై అయిదేళ్ళ వాల్దెక్‌ని ఆఖరి పావుగంట మాత్రమే ఆడించారు. పరిగెత్తాడు, చెమట పట్టింది, కాలు వేడెక్కింది. ఆ వేడికి లోపలి నూనె కరిగింది. సరిగ్గా అప్పుడు వాళ్ళ జట్టుకి పెనాల్టీ వచ్చింది. ఎదురుగా గోల్‌కీపరు ఒక్కడే ఉంటాడు, బంతి కదలకుండా ఉంటుంది, కొట్టేవాడు కొట్టాలి. వాల్దెక్ కొట్టాడు. బంతి గోలు అడ్డకర్ర మీదుగా ఎగిరి జనంలో పడింది. కప్పు పోయింది.

ఆట అయ్యాక వాల్దెక్ తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంటే సూరిబాబే ఆయన బూట్లు విప్పాడు. కుడి మేజోడు పట్టుకోగానే వేళ్ళు జారాయి. వాసన చూసుకోవాల్సిన పని లేకపోయింది. బూటూ మేజోడూ గబగబా స్నానాల గదిలోకి పట్టుకుపోయి వేడినీళ్ళతో కడిగేశాడు. ఎవరూ చూడలేదు. చెబితే మర్నాడే విమానం ఎక్కించేస్తారని ఆ రోజు భయపడ్డాడు. వాల్దెక్ ఆట మానేసి దేశం వెళ్ళిపోయాక భయం పోయింది గానీ సిగ్గు మిగిలింది. ప్రతి క్రిస్మస్‌కీ ఫోను చేసేవాడు, ఈసారి చెప్పేద్దామనే. హ్యాపీ క్రిస్మస్ కెప్టెన్ అనేవాడు, పిల్లలెలా ఉన్నారనేవాడు, పెట్టేసేవాడు.

ఇప్పుడు ఆ మనిషే ఎదురుగా కూర్చుని అల్లప్పచ్చడి కారానికి ముక్కు తుడుచుకుంటున్నాడు. సూరిబాబుకి మాత్రం మొదటి అట్టే గొంతు దిగడం లేదు.

అంతలో బాబ్జీ ఊడిపడ్డాడు. విజయదుర్గ తమ్ముడు, ఊరి యూత్ అసోసియేషన్‌కి ప్రెసిడెంటు. ఊళ్ళోకి ఎవరొచ్చినా సన్మానం చెయ్యకుండా పంపకూడదని కంకణం కట్టుకున్న మనిషి. కరెంటాఫీసుకి బదిలీ మీద వచ్చిన లైన్‌మేన్‌ని కూడా శాలువా కప్పకుండా వదల్లేదు.

"బావగారూ, అంతా రెడీ అయిపోయిందండి. మైకు సెట్టు వచ్చేసింది, ఫ్లెక్సీ కట్టించేసేం. నాలుగింటికల్లా సార్ని హైస్కూలు గ్రౌండుకి తీసుకొచ్చేయండి. సార్ చేత ఒక పెనాల్టీ కొట్టించి టోర్నమెంటు ప్రారంభించేద్దామండి."

"టోర్నమెంటు క్రికెట్టుది కదరా?"

"ఆయ్, క్రికెట్టుదేనండి. అయితే ఏమయ్యిందండి? ఫుట్‌బాల్ ఒకటి అమలాపురం నుంచి తెప్పించేనండి."

పెనాల్టీ అన్న మాట వాల్దెక్ చెవిన పడనే పడింది. ఆయన చేతిలో అట్టుముక్క పళ్ళెంలో పెట్టేశాడు. ఆయనా సూరిబాబూ మాట్లాడుకునేది కువైట్ ఇంగ్లీషు. సగం ఇంగ్లీషు, పావు అరబ్బీ, మిగతాది చేతులు. "పెనాల్టీ కొట్టను సూరి" అన్నాడు. "ఇంకేదైనా చెయ్యమను. చెట్టెక్కమన్నా ఎక్కుతాను." నవ్వడానికి చూశాడు గానీ నవ్వు రాలేదు. ముఖం మాడిపోయింది.

"మోకాలు నెప్పంటరా. బంతీ గింతీ వద్దు, శాలువాతో సరిపెట్టు" అన్నాడు సూరిబాబు బాబ్జీతో, పళ్ళెం వంక చూస్తూ.

నాలుగింటికి గ్రౌండు నిండింది. ఫుట్‌బాల్ మీద ప్రేమతో వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. తెల్లవాణ్ణి దగ్గర్నుంచి చూద్దామని వచ్చినవాళ్ళు సగం, సన్మానమయ్యాక పూతరేకులు పంచుతారని తెలిసి వచ్చినవాళ్ళు సగం. వేదిక వెనకాల ఫ్లెక్సీలో వాల్దెక్ ముఖం కంటే బాబ్జీ ముఖం పెద్దదిగా ఉంది. కింద మూలగా సూరిబాబు ఫోటో, దాని కింద 'అంతర్జాతీయ ట్రైనర్' అని బంగారు అక్షరాలు. అది చూడగానే సూరిబాబుకి పాతికేళ్ళ నాడు వేసుకున్న పెళ్ళిబట్టలు ఇప్పుడు ఎవరో బలవంతాన తొడిగినట్టు ఉక్కిరిబిక్కిరి అయింది.

సన్మానపత్రం రిటైరైన తెలుగు మాస్టారు నరసింహమూర్తిగారు రాశారు, ఆయనే చదివారు. పోలెండు దేశమున బొగ్గుగనులకు పుట్టినిల్లయిన పట్టణమున, గని కార్మికుని కుమారునిగా జన్మించి, ఆరవయేటనే బంతిని బానిసగా చేసుకుని, పంతొమ్మిదవయేట మొదటి డివిజనులో ప్రవేశించి, జర్మనీ దేశమున నాలుగేండ్లు, సైప్రసు ద్వీపమున రెండేండ్లు శత్రువుల గుండెల్లో నిద్రించి, మాతృదేశము తరఫున పదకొండు ఆటలాడి మూడు గోలులు సాధించి, ఎడమ మోకాలికి రెండుమారులు శస్త్రచికిత్స జరిగినను చెక్కుచెదరని ధీరుడవై... ఇలా ఇరవై నిమిషాలు. గోలుకొక సమాసం చొప్పున పడింది. వివరాలన్నీ సూరిబాబు చెప్పినవే. పెనాల్టీ సంగతి చెప్పలేదు కాబట్టి పత్రంలో అది లేదు.

శాలువా కప్పారు, గంధం పూశారు, గజమాల వేశారు. తర్వాత బాబ్జీ మైకందుకుని, "ఇప్పుడు సార్ గారు నాలుగు ముక్కలు మాట్లాడతారండి. మన ట్రైనర్ సూరిబాబుగారు తెలుగులో చెప్తారండి" అన్నాడు.

వాల్దెక్ లేచాడు. సూరిబాబు పక్కన నిలబడ్డాడు. మైకు ఒకటే.

"ఇంత మర్యాద నాకు మా దేశంలో కూడా జరగలేదు" అన్నాడు వాల్దెక్. సూరిబాబు ఉన్నదున్నట్టు చెప్పాడు. చప్పట్లు కొట్టారు.

"ఆ కాగితంలో ఏముందో నాకు తెలియదు. కానీ అంత పొడుగు కాగితంలో అంతా నిజమే ఉండదు." అదీ చెప్పాడు. నరసింహమూర్తిగారు తప్ప అందరూ నవ్వారు.

వాల్దెక్ నవ్వలేదు. ముందు వరసలో నేల మీద కూర్చున్న పిల్లల వైపు చూశాడు. "వీళ్ళకి నేనొక నిజం చెప్పాలి. నా ఆఖరి కిక్కు ఒక పెనాల్టీ. ఫైనలు. బంతి దగ్గరికెళ్ళాను, నా కాలు నా మాట వినలేదు. భయపడ్డాను. అంతే. భయపడి పోగొట్టాను."

సూరిబాబు మైకు తన వైపు లాక్కున్నాడు. "పిల్లలందరూ బాగా చదువుకోవాలి, ఆటలు కూడా ఆడాలి అంటున్నారండి" అన్నాడు.

చప్పట్లు మోగాయి. తాను భయపడ్డందుకు ఇంతమంది చప్పట్లు కొడుతున్నారేమిటా అని వాల్దెక్ బిత్తరపోయి చూశాడు. అయినా ఆపలేదు. మనిషికి ఒక్కోసారి తన ఊళ్ళో చెప్పుకోలేనిది పరాయి ఊళ్ళో చెప్పుకోవాలనిపిస్తుంది.

"ఆ రోజు మా నాన్న గని కార్మికుల క్లబ్బులో స్నేహితులందర్నీ పోగుచేశాడు. మా వాడి ఆఖరి ఆట అని చెప్పి, కంప్యూటరు పెట్టించి చూపించాడు. అయ్యాక ఫోను చేశాను. కాలు జారింది నాన్నా అన్నాను. సాకులు చెప్పకు, నీ కాలు వణికింది, అందరం చూశాం అన్నాడు. మళ్ళీ ఆ క్లబ్బు గడప తొక్కలేదు. నాతో ఆట గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆలోచిస్తే ఆయన చెప్పిందే నిజమనిపించింది. మా ఊళ్ళో పిల్లలకి ఆట నేర్పమని రెండుసార్లు అడిగారు. భయపడేవాడు ఏం నేర్పుతాడు? మా బావమరిది టైల్స్ షాపులో పనిచేసుకుంటున్నాను. ఇది చెప్పు సూరి. సరిగ్గా చెప్పు."

ఇవేవీ సూరిబాబుకి తెలియవు. కప్పు పోయింది, ఆట ఆగింది, అంతే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. వయసైపోయింది కాబట్టి ఎలాగూ మానేసేవాడే కదా అని రాత్రుళ్ళు తనకి తనే సర్దిచెప్పుకునేవాడు. తన చేతి జిడ్డు ఒక ముసలాయన్ని స్నేహితుల దగ్గరికి వెళ్ళకుండా చేసిందని, ఒక మగాణ్ణి పిరికివాణ్ణని నమ్మించిందని కలలో కూడా అనుకోలేదు.

"ఆయనేమంటున్నారంటేనండి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. పిల్లల చదువుల గురించి ఇంకో ముక్క చెప్పి గట్టెక్కొచ్చు. పూతరేకులు పంచేస్తారు, రేపు పొద్దున్న వాల్దెక్ రాజమండ్రిలో విమానమెక్కుతాడు. అంతా సుఖం.

"ఆయన భయపడ్డానంటున్నారండి" అన్నాడు సూరిబాబు. "ఆఖరి ఆటలో గోలు కొట్టలేకపోయేరంటండి, కాలు వణికిందంటండి. వాళ్ళ నాన్నగారు కూడా అదే నమ్మి ఈయన్ని చులకన చేసేరంటండి. అది అబద్ధమండి. ఆయన భయపడలేదండి. తప్పు నాదండి. నేను ట్రైనర్నీ కాదండి, గీనర్నీ కాదండి. ఆ బేనరు మీద రాసింది తప్పు. నేను బట్టలుతికి బూట్లు తుడిచేవాణ్ణండి. ఈయన బూటు కరిస్తే మన కొబ్బరినూనె రాసేనండి, లోపలంతా రాసేను. అది చలికి గడ్డకట్టేసి, ఆటలో కరిగిందండి. లోపల కాలు జారిపోయింది. నాకు ఆ రోజే తెలుసండి. నూనె కడిగేసి నోరు మూసుకున్నాను. పదకొండేళ్ళయ్యిందండి."

గ్రౌండంతా గప్‌చిప్ అయిపోయింది. విజయదుర్గ ఆడవాళ్ళ వరసలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాబ్జీ ఒకసారి ఫ్లెక్సీ వైపు, ఒకసారి బావగారి వైపు చూశాడు. ఎనభయ్యేళ్ళ బుల్లెమ్మకి మాత్రం ఇవేమీ పట్టలేదు. ముందు కుర్చీలోంచి లేచి నిలబడి, "లోపలంతా రాసేవంట్రా? కరిచిన కాడ రాయాలి గానీ, లోపలంతా ఎవరైనా రాత్తారంట్రా, ఎదవా?" అని కేకలేసింది.

"ఏం చెప్పావు?" అన్నాడు వాల్దెక్. "నేను చెప్పినదాని కంటే ఎక్కువ చెప్పావు. వీళ్ళెందుకు మాట్లాడడం లేదు? ఆవిడ నిన్నెందుకు తిడుతోంది?"

ఊరందరి ముందూ ఒప్పుకోవడం ఒక ఎత్తు, ఆ నీలికళ్ళలోకి చూసి చెప్పడం ఒక ఎత్తు. ఊరికి చెప్పిందాన్ని సూరిబాబు ఇప్పుడు కువైట్ ఇంగ్లీషులోకి మార్చాలి. మైకు పక్కన పెట్టాడు. కొబ్బరినూనె అన్నాడు, కుడి బూటన్నాడు, లోపలన్నాడు. చలికి నూనె ఎలా గట్టిపడుతుందో, వేడికి ఎలా కరుగుతుందో చేతుల్తో చూపించాడు. "నీ కాలు వణకలేదు కెప్టెన్, జారింది. బూటు నేను కడిగేశాను" అన్నాడు. అంతవరకే చెప్పగలిగాడు. ఏడుపొచ్చేసింది, యాభై రెండేళ్ళ మనిషి వేదిక మీద చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వాల్దెక్ చాలాసేపు తన కుడికాలి వైపు చూసుకున్నాడు. తర్వాత మెడలో గజమాల తీసి కుర్చీ మీద పెట్టి, మెట్లు దిగి, గ్రౌండు చివర కాలవ గట్టు వైపు నడిచాడు. ఏం చెయ్యాలో తోచని బాబ్జీ వందన సమర్పణ చదివేసి పూతరేకులు పంచమన్నాడు.

సూరిబాబు వెనకే వెళ్ళాడు. దగ్గరికెళ్ళడానికి ముఖం చెల్లక పది బారల దూరంలో ఆగిపోయాడు.

"పదకొండేళ్ళు సూరి" అన్నాడు వాల్దెక్ వెనక్కి తిరక్కుండానే.

"అవును కెప్టెన్."

"ప్రతి క్రిస్మస్‌కీ ఫోను చేశావు."

"చెబుదామనే చేశాను. నోరు రాలేదు."

"నా కాలు జారిందని నాకు తెలుసు. తెలుసు! మా నాన్న కాదంటే, నాకే తెలియదేమో అనుకున్నాను." ఆయన గొంతులో కోపం ఉంది. ఉండాలి కూడా. సూరిబాబు ఒకడుగు ముందుకేస్తే వద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో జేబులోంచి ఫోను తీశాడు.

అక్కడ అప్పటికి మధ్యాహ్నం. రెండు మోతలకే ఎత్తారు. వాల్దెక్ పోలిష్‌లో మాట్లాడాడు. మొదట నెమ్మదిగా, తర్వాత గబగబా. సూరిబాబుకి అర్థమైంది రెండే ముక్కలు. తన పేరు, కొబ్బరికి వాళ్ళనే 'కోకోస్' అన్న మాట. అవి రెండూ పక్కపక్కన మూడుసార్లు వినిపించాయి. ఆపైన వాల్దెక్ ఆగిపోయాడు. అవతల నుంచీ చప్పుడు లేదు.

వాల్దెక్ నాలుగంగల్లో వచ్చి ఫోను సూరిబాబు చేతిలో పెట్టాడు. "నీతో మాట్లాడతాడట."

"నాకు పోలిష్ రాదు కదా!"

"ఆయనకది అక్కర్లేదు."

ఫోను చెవికి ఆనించుకున్నాడు. బొగ్గుపొడి పట్టిన గొంతు, బరబరలాడుతూ, ఉరిమినట్టు మొదలైంది. తిడుతున్నాడని సూరిబాబుకి ఖాయంగా తెలిసింది. "ఆయ్... ఆయ్ అండీ... తప్పేనండి" అన్నాడు, పెద్దవాళ్ళ ముందు నిలబడ్డట్టే ఒద్దికగా వంగి. ముసలాయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు గానీ ఈసారి గొంతు నిలబడలేదు. మాటలు మధ్యమధ్య విరిగిపోయాయి. అది తిట్టో, ఏడుపో, దీవెనో తెలియలేదు. ఏదైనా సరే, ఇచ్చినంతా తీసుకున్నాడు సూరిబాబు. "ఆయ్ అండీ. ఆయ్" అంటూనే ఉన్నాడు. చివరికి అవతల ఏదో ఒక పొట్టి మాట అని ఠక్కున పెట్టేశారు.

"ఏమన్నారు కెప్టెన్? పెట్టేశారు."

"పనుందట." వాల్దెక్ ఫోను తీసుకుని కళ్ళు తుడుచుకున్నాడు. "క్లబ్బుకి వెళ్తాడట. బూట్లు తొడుక్కుంటున్నాడు. అక్కడ మోకాలి దాకా మంచు, వద్దన్నా వినడు. ఆ రోజు ఆట చూసినవాళ్ళలో ఇద్దరే బతికున్నారు. మా వాడి కాలు వణకలేదని వాళ్ళిద్దరికీ ఇవాళే చెప్పాలట."

సూరిబాబు ఇంకో అడుగు దగ్గరికి జరిగాడు.

"ఒకాయనకి చెవుడు" అన్నాడు వాల్దెక్. "గట్టిగా అరిచి చెప్తానన్నాడు."